శ్రావణంలో చెమర్చిన సబ్బులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. పిల్లలు పై చదువులకు వెళ్ళాక మధ్యాహ్నాలు ఖాళీగా ఉండటంతో ఇంట్లో రంగురంగుల సబ్బులు పోయడం సరదాగా మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో గ్లిజరిన్ సబ్బు దిమ్మ తెప్పించి, కరిగించి, మా దొడ్లో పూసిన మందార, గులాబి రేకలు వేసి, మా అత్తగారి పంచదార చిలకల అచ్చుల్లో పోశాను. అద్దంలా మెరుస్తూ వచ్చాయి. వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటాళ్ళకు పసుపు కుంకుమలతో పాటు ఒక్కొక్కటి చేతిలో పెట్టాను. వారం తిరగకుండానే సబ్బుల మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు వచ్చాయి. రేకలు గోధుమరంగుకు తిరిగాయి, రెండు సబ్బులకు బూజు కూడా పట్టింది. పైగా పక్కింటి మూడేళ్ళ పాప చిలకను మిఠాయి అనుకుని కొరికింది. వెంటనే నోరు కడిగించాం, ఏమీ కాలేదు. నేను ఎక్కడ పొరబడ్డాను? మాకు సొంత కొబ్బరి నూనె ఉంది. దానితో మొదటి నుంచీ నేనే సబ్బు చేసుకోవచ్చా? కాస్టిక్ సోడా అంటే మావారు భయపడుతున్నారు. ఇరుగుపొరుగు వారు కొనుక్కుంటామంటున్నారు, అమ్మవచ్చా?

— ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరంలో రెండు మాటల్లో చెప్పి వదిలేసిన పక్కింటి పాప సంగతికే ముందుగా జవాబు చెబుతాను. మన గోదావరి జిల్లాల్లో పెళ్ళి సారెలో పంచదార చిలకలు లేని ఇల్లు ఉండదు. నడక నేర్చిన పిల్లలందరికీ ఆ ఆకారం తెలుసు, అది నోట్లో వేసుకునేదని కూడా తెలుసు. అదే ఆకారంలో, అంతే మెరుపుతో, మంచి వాసనతో సబ్బు కనబడితే మూడేళ్ళ పిల్ల కొరకకుండా ఎలా ఉంటుంది? ఈసారి అది కరిగించి పోసిన దిమ్మ సబ్బు కాబట్టి నోరు కడిగించడంతో సరిపోయింది. రేపు మీరు కాస్టిక్‌తో చేసి, ఇంకా ఆరని సబ్బు ఆ పాప చేతికి అందితే పెదవులు, నాలుక కాలిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల చిలకలు, లడ్డూలు, కాజాలు, పండ్లు, ఐస్‌క్రీములు, ఇలా తినే వస్తువు ఏదైనా సరే, ఆ రూపంలో సబ్బు చేయడం పూర్తిగా మానేయమని మిమ్మల్ని కోరుతున్నాను. సబ్బులు చేసే చాలామందికి ఈ ఆకారాలంటే ముచ్చట అని నాకు తెలుసు. అయినా పిల్లలు తిరిగే ఇంట్లో, పది ఇళ్ళకు పంచిపెట్టే వస్తువులో ఆ ముచ్చటకు చోటు ఇవ్వకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఆ చెక్క అచ్చులను ఇక పంచదార పాకానికి కూడా వాడకండి. సబ్బులోని సువాసన నూనె చెక్క పొరల్లోకి ఇంకుతుంది, ఎంత కడిగినా పోదు. అత్తగారికి ఉన్నమాట చెప్పి, వడ్రంగి చేత వంటింటికి కొత్త జత చెక్కించి ఇవ్వండి.

ఇక నీటి బొట్ల విషయం. మీరు తెప్పించిన దిమ్మలో సబ్బుతో పాటు గ్లిజరిన్ అధికంగా ఉంటుంది. పారదర్శకంగా ఉండేందుకు సార్బిటాల్, పంచదార వంటివి కూడా కలుపుతారు. ఇవన్నీ గాలిలోని తేమను తమవైపు లాక్కునే గుణం ఉన్నవే. సబ్బు మీద మీరు చూసిన బొట్లు లోపలి నుంచి ఊరినవి కావు, మీ ఇంటి గాలిలోని నీరే గ్లిజరిన్ పిలుపుకు వచ్చి అక్కడ కూర్చుంది. చుట్టూ కాలువలు, వరి చేలు, కొబ్బరి తోటల నీడ, దగ్గర్లోనే సముద్రం ఉన్న మన డెల్టాలో ఆషాఢం నుంచి కార్తీకం దాకా గాలిలో తేమకు కొదవ ఉండదు. మీరు సబ్బులు పంచింది సరిగ్గా ఆ కాలం నడుమ. పొడి వాతావరణం ఉన్న ఊరివారు వీడియోలో చూపించిన పద్ధతిని మీరు తు.చ. తప్పకుండా పాటించినా ఫలితం ఇలాగే ఉండేది. కాబట్టి మీ చేతిలో తప్పు ఉందని బాధపడవద్దు.

ఈ విషయంలో నాకు కొలమానంగా పనికివచ్చేది వంటింట్లోని ఉప్పు డబ్బా. డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లి ముద్దకడుతున్న రోజుల్లో నేను గ్లిజరిన్ సబ్బు జోలికి పోను. ఉప్పు పొడిగా రాలే మాఘ ఫాల్గుణాల్లో పోసుకుని దాచుకుంటాను. శ్రావణంలోనే పంచవలసి వస్తే మార్గం ఒకటుంది. సబ్బు గట్టిపడి అచ్చులోంచి ఊడి వచ్చిన వెంటనే, అంటే అదే పూట, గాలి చొరబడకుండా పల్చని ప్లాస్టిక్ పొరను బిగుతుగా చుట్టాలి. ‘రాత్రంతా ఆరనిద్దాం’ అని బల్ల మీద పరిచి వదిలేయడమే చాలామంది చేసే పొరపాటు. ఈ రకం సబ్బుకు ఆరబెట్టడమనే పనే లేదు, బయట ఉన్న ప్రతి గంటా అది తేమ తాగుతూనే ఉంటుంది. త్వరగా గట్టిపడాలని ఫ్రిజ్‌లో పెట్టడం కూడా ఇదే కారణంగా చేటు చేస్తుంది. చల్లని సబ్బును బయటికి తీయగానే చల్లని మంచినీళ్ళ గ్లాసుకు పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది. మృదువుగా ఉంటుందని అదనంగా తేనె, గ్లిజరిన్ కలపకండి, అవి తేమను మరింత పిలుస్తాయి. చెమట తక్కువ పట్టే రకం దిమ్మలు కూడా దొరుకుతున్నాయి. ఈసారి కొనేటప్పుడు అడిగి తెప్పించుకోండి.

రేకలు నల్లబడటానికి కారణం వేరు. బడిలో మందార రేకల రసంతో చేయించే ప్రయోగం మీకు గుర్తుండే ఉంటుంది. నిమ్మరసం చుక్క వేస్తే ఆ రసం ముదురు గులాబి రంగుకు తిరుగుతుంది, సబ్బు నీళ్ళు పోస్తే పచ్చబడుతుంది. మందార, శంఖుపుష్పం, ఎర్ర గులాబి వంటి పూలలో ఉండే ఎరుపు, నీలం రంగులు క్షారం తగిలితే నిలవవు. సబ్బు ఎంత మృదువైనదైనా క్షారమే. అందువల్ల ఆ రేకలు మొదట రంగు మారి, తరువాత గోధుమరంగుకు, చివరికి ఎండుటాకు రంగుకు చేరతాయి. దీనికి తోడు మీరు వేసినవి పచ్చి రేకలు. వాటిలోని నీరు సబ్బు మధ్యలో చిక్కుకుని బూజుకు ఆశ్రయమిచ్చింది. పచ్చి పువ్వు, పచ్చి ఆకు, పండ్ల రసం, పాలు, కలబంద గుజ్జు, ఇవేవీ కరిగించి పోసే సబ్బులో వేయకూడదు. వేస్తే కొన్నాళ్ళకు కుళ్ళక తప్పదు.

అయితే పూలను పూర్తిగా వదులుకోవలసిన అవసరం లేదు. బంతి రేకల్లోని పసుపు వర్ణద్రవ్యం క్షారానికి తట్టుకుంటుంది. కడియపులంక పూల మార్కెట్లో బుట్టలకొద్దీ దొరికే ముద్దబంతి పూలు తెచ్చి, రేకలు విడదీసి, నీడలో గాలి తగిలే చోట పల్చగా పరచి, వేళ్ళ మధ్య నలిపితే గలగలమని పొడి అయ్యేంత వరకు ఆరబెట్టండి. వాటిని సబ్బు లోపల గుప్పెళ్ళకొద్దీ కూరకుండా పైభాగంలో చిటికెడు మాత్రమే చల్లండి. రేకలు ఎక్కువైతే స్నానం చేసేటప్పుడు ఒంటికి అంటుకుంటాయి, బాత్రూము తూములో పేరుకుంటాయి. ఆ ఇబ్బంది ఒకసారి పడినవారు మీ సబ్బు మళ్ళీ అడగరు.

పూలకంటే నాకు ఎక్కువ ఇష్టమైన అలంకారం మరొకటి ఉంది, అది మీ దొడ్లోనే పండుతుంది. పాదు మీద ముదిరి ఎండిపోయిన నేతిబీర కాయను తీసుకోండి. తొక్క ఒలిచి, గింజలు దులిపి, పీచును రెండు మూడు నీళ్ళలో జాడించి, ఎండలో పూర్తిగా ఎండనివ్వండి. దానిని అంగుళం మందాన చక్రాలుగా కోస్తే ప్రతి చక్రం మధ్యలో మూడు నాలుగు పెద్ద కన్నాలు, వాటి చుట్టూ దారాలతో అల్లినట్టు సన్నని వల కనబడతాయి. ఆ చక్రాన్ని గుండ్రని అచ్చులో పెట్టి, లేత పసుపు రంగు కలిపిన పారదర్శక సబ్బును మెల్లగా పోసి, వెలుతురుకు ఎత్తి చూడండి. ఏ రెండు కాయల అల్లికా ఒకటిగా ఉండదు కాబట్టి ఏ రెండు సబ్బులూ ఒకటిగా రావు. పైగా ఈ అలంకారం ఒళ్ళు రుద్దుకోవడానికి కూడా పనికి వస్తుంది. సబ్బు అరిగేకొద్దీ పీచు బయటపడుతుంది. వాడిన తరువాత నీళ్ళు కారిపోయేలా చిల్లుల పెట్టెలో నిలబెట్టమని మాత్రం తీసుకున్నవారికి చెప్పాలి.

రంగుల విషయానికి వస్తే, వంటకు వాడే ద్రవపు రంగులు ఒక పొర నుంచి పక్క పొరలోకి పాకిపోతాయి. వెలుతురుకు వెలిసిపోతాయి కూడా. ముగ్గుల రంగులు, హోలీ రంగులు, బట్టలకు పెట్టే నీలిమందు ఒంటికి వాడేందుకు తయారైనవి కావు, వాటిని ముట్టవద్దు. సౌందర్య సాధనాల కోసమని ప్రత్యేకంగా అమ్మే అభ్రకం పొడులు, ఐరన్ ఆక్సైడ్ రంగులు కొనుక్కోండి. ఇవి పాకవు, ఎక్కడ వేస్తే అక్కడే నిలుస్తాయి. పసుపు వేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుందని పెళ్ళి చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. కాస్టిక్‌తో చేసే సబ్బులో కూడా అదే జరుగుతుంది. మొదట ఎర్రబడి, సబ్బు ముదిరి క్షారం తగ్గాక మెల్లగా మట్టి పసుపుకు దిగుతుంది, ఎండ తగిలేచోట పెడితే ఇంకా వెలుస్తుంది. ఆ మార్పును చూడటం కోసమే నేను ఏటా ఒక వాయి పసుపు సబ్బు చేస్తాను. ముప్పావు కిలో సబ్బుకు పావు చెంచా చాలు, అంతకు మించితే తువ్వాలుకు అంటుతుంది. చమ్కీ పొడులు మాత్రం వేయవద్దని నా విన్నపం. వాటిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్ ముక్కలే. మన స్నానాల నీరు చివరికి చేరేది మన పంట కాలువలకే.

రెండు రంగుల పొరలు పోయాలనుకుంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటి పొర మీద మీగడలా తెట్టు కట్టి, వేలితో తాకితే లోపల ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే రెండో పొర పోయాలి. మధ్యలో మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను చిన్న పిచికారీతో చల్లితే బుడగలు పగిలిపోతాయి, రెండు పొరలు ఊడిపోకుండా అతుక్కుంటాయి. స్పిరిట్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది కనుక ఆ సమయంలో పొయ్యి ఆపివేయాలి. రెండో పొర సబ్బు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే చాలు, మరీ వేడిగా పోస్తే కింది పొర కరిగి రంగులు కలగలిసిపోతాయి.

ఇప్పుడు కొబ్బరి నూనె సంగతి. చేసుకోవచ్చు, తప్పకుండా చేసుకోండి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కన ఉంటూ ఎక్కడో తయారైన దిమ్మ తెప్పించుకుని కరిగించడం కంటే మీ చెట్ల కాయల నూనెతో మీరే చేసుకున్న సబ్బు వెయ్యి రెట్లు నయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కొబ్బరి నూనె సబ్బుకు మరొక గొప్ప గుణం ఉంది. మిగతా చాలా నూనెల సబ్బులు ఉప్పు నీళ్ళలో నురగ రాక విరిగిపోతాయి, కొబ్బరి సబ్బు మాత్రం సముద్రపు నీళ్ళలో కూడా నురగనిస్తుంది. ఓడల మీద నావికులు వాడిన సబ్బు ఇదే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పగా ఉండే బోరు నీళ్ళతో స్నానం చేసేవారికి మీరు ఇవ్వగల మంచి కానుక ఇంతకు మించి లేదు.

మీవారి భయం మాత్రం న్యాయమైనదే. దానిని కొట్టిపారేయకండి, ఆ భయాన్నే జాగ్రత్తగా మలచుకోండి. కాస్టిక్ సోడా లేకుండా నూనె సబ్బుగా మారదు. దిమ్మ తయారుచేసినవారు కూడా దానినే వాడారు. నూనె, కాస్టిక్ సరైన తూకంలో కలిసినప్పుడు రెండూ మారిపోయి సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి, చివరికి కాస్టిక్ మిగలదు. తూకం తప్పితే మిగులుతుంది, మిగిలితే చర్మం కాలుతుంది. ఈ పనిలో గ్లాసుతోనో గరిటెతోనో కొలవడం పనికిరాకపోవడానికి కారణం అదే. ఒక గ్రాము తేడాను చూపించే ఎలక్ట్రానిక్ కాటా ముందుగా కొనండి. అచ్చులు, రంగులు తరువాత కొనవచ్చు. చాకలి సోడా, వంట సోడా ఇందుకు పనికిరావు. తూములు శుభ్రం చేసే పొడుల్లో ఇతర పదార్థాలు కలుస్తాయి కాబట్టి అవీ పనికిరావు. కాస్టిక్ సోడా అసలు పేరు సోడియం హైడ్రాక్సైడ్, శుద్ధమైనదని ఆ పేరుతో రాసి ఉన్నదే తీసుకోవాలి.

500 గ్రాముల కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 91 గ్రాముల కాస్టిక్ పడుతుంది. అంతా వేస్తే ఆ సబ్బు మురికితో పాటు ఒంటి మీది జిడ్డునంతా లాగేసి చర్మాన్ని పొడిబారుస్తుంది. అందువల్ల అయిదో వంతు నూనె సబ్బు కాకుండా మిగిలేలా 73 గ్రాములే తీసుకోవాలి. దానిని కరిగించడానికి రెండింతలు, అంటే 146 గ్రాముల డిస్టిల్డ్ వాటర్ వాడాలి. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారతాయి కనుక కుళాయి నీరు వద్దు. ఈ లెక్క కొబ్బరి నూనెకు మాత్రమే వర్తిస్తుందని ఎర్ర అక్షరాలతో రాసి గోడకు అంటించుకోండి. 500 గ్రాముల నువ్వుల నూనెకు పూర్తిగా పట్టే కాస్టిక్ 67 గ్రాములే. కొబ్బరి నూనె అయిపోయిందని ఇదే తూకంలో నువ్వుల నూనె పోశారంటే ఒళ్ళు కాల్చే సబ్బు తయారవుతుంది.

పాత్రల దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెబుతున్నాను. మన వైపు అల్యూమినియం గిన్నెను సిల్వరు గిన్నె అంటాం. మొదటిసారి సబ్బు చేసిన రోజున చేతికి అందిన సిల్వరు గిన్నెలో కాస్టిక్ నీళ్ళు కలిపాను. నిమిషం గడవకముందే గిన్నె సుయ్యిమంటూ బుసలు కొట్టింది. నీళ్ళు నల్లబడి, నురగ అంచుల మీదుగా పొంగి గట్టు మీద పడింది. కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, అది చల్లారే దాకా దూరంగా నిలబడ్డాను. అల్యూమినియాన్ని కాస్టిక్ కరిగించి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది, అది మండే వాయువు. పక్కనే పొయ్యి వెలుగుతూ ఉంటే ఆ రోజు ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు. స్టీలు గిన్నెలు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన మందమైన మగ్గులు మాత్రమే వాడండి. వాటిని మళ్ళీ వంటకు వాడకండి.

చేసే విధానం ఇది. ఇంట్లో చిన్నపిల్లలు, పిల్లులు లేని పూట చూసుకుని, గాలి ఆడే వసారాలో, కళ్ళకు పక్కలు కూడా మూసే అద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని మొదలుపెట్టండి. ముందు గిన్నెలో నీళ్ళు తీసుకుని, అందులోకి కాస్టిక్‌ను కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. ఎన్నడూ కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు, పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. నిప్పు లేకుండానే ఆ నీళ్ళు 80 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి, ఘాటైన ఆవిరి వస్తుంది. ముఖం పక్కకు తిప్పుకోండి. నూనె, కాస్టిక్ నీళ్ళు రెండూ 40 డిగ్రీల దగ్గరికి చల్లారాక నూనెలోకి ఆ నీళ్ళను పల్చని ధారగా పోసి, స్టీలు కాడ ఉన్న హ్యాండ్ బ్లెండర్‌తో కొన్ని క్షణాలు తిప్పుతూ, కొన్ని క్షణాలు ఆపి గరిటెతో కలుపుతూ రండి. గరిటెతో తీసి పైనుంచి జార్చిన ధార వెంటనే మునిగిపోకుండా ఒక్క క్షణం గీతలా నిలిచిందంటే అచ్చులో పోయవలసిన సమయం వచ్చినట్టే. రంగు, సువాసన నూనె కలపదలచుకుంటే అప్పుడే కలపాలి. సువాసన నూనె 500 గ్రాముల నూనెకు 10 గ్రాములు మించనివ్వకండి. లవంగ నూనె, దాల్చినచెక్క నూనె చర్మాన్ని మండిస్తాయి, వాటిని వదిలేయండి.

కాస్టిక్ చుక్క ఒంటి మీద పడితే వెంటనే కుళాయి కింద పెట్టి ధారగా నీళ్ళు వదలండి. వెనిగర్ పోయమని కొందరు చెబుతారు, అది సరికాదు. చర్మం మీద ఆమ్లం, క్షారం కలిస్తే ఇంకా వేడి పుడుతుంది. కంటిలో పడితే కనీసం 20 నిమిషాలు ఆగకుండా నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. కాస్టిక్ డబ్బాకు తాళం ఉండాలి, దాని మీద పేరు ఉండాలి. కలిపిన కాస్టిక్ నీళ్ళను తాగే నీళ్ళ సీసాల్లో ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు.

కొబ్బరి సబ్బు చాలా త్వరగా గట్టిపడుతుంది. పెద్ద దిమ్మగా పోసి మరునాడు కోయబోతే పెళుసుగా ముక్కలవుతుంది. అందువల్ల మొదట్లో విడివిడి సిలికాన్ అచ్చుల్లోనే పోయండి. అలంకారం చేయాలని ఉంటే దానికీ ఇదే అదను. పోసిన కొన్ని గంటలకు సబ్బు పైభాగం గట్టి చపాతీ పిండిలా, వేలు పెడితే గుర్తు పడేలా ఉన్న వేళలో, చేతి తొడుగులు వేసుకునే, నరసాపురం నూలు లేసు ముక్కను దాని మీద పరచి, నున్నని చెక్కతో సమానంగా అదిమి, ఒక మూల నుంచి మెల్లగా ఒలిచేయండి. కుట్టులోని ప్రతి ముడి, ప్రతి గొలుసు, పువ్వు మధ్యనున్న చిన్న చుక్కతో సహా సబ్బు మీద దిగుతుంది. దాని మీద పొడి కుంచెతో కొంచెం అభ్రకం పొడి రుద్దితే ఆ అల్లికకు మెరుపు వస్తుంది. ఇంత చక్కని అలంకారానికి రేక అక్కరలేదు, కుళ్ళేది ఏదీ అందులో లేదు, చెమర్చేదీ లేదు. లేసును వెంటనే నీళ్ళలో జాడించకపోతే నూలు పాడవుతుంది, అంచు చిరిగిన పాత ముక్కనే ఇందుకు తీసుకోండి.

అచ్చు నుంచి తీసిన తరువాత ఈ సబ్బును, దిమ్మ సబ్బుకు విరుద్ధంగా, ప్లాస్టిక్‌లో చుట్టకూడదు. ఒకదానికొకటి తగలకుండా వెదురు తడిక మీద నిలబెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు నీడలో ఆరనివ్వాలి. వానాకాలంలో అయితే ఇంకో రెండు వారాలు కలుపుకోండి, పగటిపూట ఫ్యాను గాలి తగిలేలా చూడండి. రోజూ ఒక సబ్బును కాటా మీద పెట్టి బరువు రాసుకుంటే నీరు ఎంత పోయిందో తెలుస్తుంది. బరువు తగ్గడం ఆగినప్పుడు అది సిద్ధమైనట్టు. వాడే ముందు క్షారం ఎంత ఉందో రంగుతో తెలిపే పీహెచ్ కాగితంతో చూడండి, పది దాటి చూపిస్తే ఎవరికీ ఇవ్వవద్దు. పాత వాసన పట్టిన నూనెతో చేస్తే కొన్ని నెలలకు సబ్బు మీద నారింజ రంగు మచ్చలు వస్తాయి. గానుగ నుంచి తెచ్చిన కొత్త నూనెను తేరనిచ్చి, వడకట్టి వాడండి.

అమ్మకం గురించి అడిగారు. సబ్బు మన చట్టంలో సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. అమ్మడానికి తయారుచేయాలంటే 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం లైసెన్సు ఉండాలి. అంత ఏర్పాటు లేకుండా డబ్బు తీసుకోవద్దని నా సలహా. మీకు తెలిసినవారికి కానుకగా ఇవ్వండి, ఇచ్చేటప్పుడు వాడిన నూనె, సువాసన, చేసిన తేదీ చీటీ మీద రాసి అంటించండి. తామర, మొటిమలు తగ్గుతాయని ఎవరికీ చెప్పకండి. ఎవరికైనా దురద వస్తే వాడకం ఆపమని చెప్పండి.

మీ దగ్గర మిగిలిన చిలకల్లో బూజు పట్టిన రెండింటినీ పారేయండి. తక్కినవాటిని బట్టతో తుడిచి, చిన్న ముక్కలుగా కోసి, వేడినీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి, మరగనివ్వకుండా మెల్లగా కరిగించండి. పల్చని నూలు గుడ్డలో వడకడితే రేకలన్నీ గుడ్డలోనే మిగిలిపోతాయి, కింద స్వచ్ఛమైన సబ్బు దిగుతుంది. దానిని నేతిబీర చక్రాల మీద పోసి, గట్టిపడగానే చుట్టేసి, మీ ఇంట్లోనే వాడుకోండి. కొబ్బరి సబ్బు ఇప్పుడే మొదలుపెడితే కార్తీక మాసంలో పేరంటానికి ఆరి సిద్ధంగా ఉంటుంది. పక్కింటి పాప వాళ్ళమ్మకు మొదటిది ఇవ్వండి, లేసు ముద్ర వేసినది.